మామిడి సొన, మాగాయ ముక్క

మామిడి సొన కాలిన మచ్చలు చూసి, ఇవి బాంబులు చుట్టిన చేతులన్నారు. ఆ చేతులు నావి. అవి సొన మచ్చలేనని తెలిసిన మనిషి ఒకడు ఆ గదిలోనే నిలబడి ఉన్నాడు. ఆఫీసరు అతన్ని అడిగాడు కూడా. అతను "నాకు తెలియదండి" అన్నాడు. ఆ ఒక్క మాట మీద నన్ను ఎక్కడో అరవదేశంలో పెద్ద జైలుకి పంపించారు. రెండు మామిడి కాపులు నేను లేకుండానే వచ్చి పోయాయి. మా అమ్మా పోయింది. కోర్టులో చెప్పుకున్నాను, వినలేదు. బయటికొచ్చాక అర్జీలు పెట్టుకున్నాను, జవాబు లేదు. ఇక మిగిలింది రాయడం ఒక్కటే కనక రాస్తున్నాను.

నేను బడికెళ్ళి చదువుకున్నవాణ్ణి కాదు. మామిడి గంపల్లో అడుగున పరిచే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. సగం చిరిగిన వార్తలు చదివి మిగతా సగం నేనే ఊహించుకునేవాణ్ణి. అందుకే నా రాతలో వరసా క్రమమూ ఉండకపోవచ్చు. మొన్న ఎండాకాలంలో ఆ పాత సబ్ జైలు పడగొడుతున్నారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. చచ్చిన పాముని కూడా ఒకసారి కర్రతో కదిపి చూస్తాం కదా, అలాంటిదే అనుకోండి. పలుగు పడి గోడ విరిగినప్పుడల్లా పాత సున్నం, ఫినాయిలు, ఉచ్చ కలిసిన వాసన ఒకటి రోడ్డు మీదికి కొట్టింది. ఇంత వయసొచ్చింది, ఇంట్లో నలుగురికి పెద్దవాణ్ణి, అయినా ఆ వాసనకి నా మోకాళ్ళు వాటంతటవే వంగాయి. లెక్క పెట్టడానికి వచ్చినప్పుడు గొంతుక్కూర్చోవడం అలవాటైన మోకాళ్ళవి. పక్కనున్న కరెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చూశాను, ఎదురుగా టీ కొట్టు బల్ల మీద ఒక ముసలాయన. రోహిణి ఎండ నెత్తి మాడుస్తుంటే, మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్న పొడుగు చేతుల చొక్కా. మొహం నాకు తెలియలేదు. ఆ చొక్కా చేతులు తెలిశాయి. అతను వార్డరు సుబ్బారాయుడు.

అతని దగ్గరికి వెళ్ళేలోపు వెనక సంగతి చెప్పాలి. తెల్లవాళ్ళు పోయి, మన జెండా ఎగిరి ఎంతో కాలం కాలేదు. అయినా పోలీసు లారీ చప్పుడైతే ఊళ్ళకి ఊళ్ళు చేలకడ్డం పడి పారిపోయే రోజులు. ఒక పార్టీ మీద నిషేధం ఉండేది. ఆ పార్టీ వాళ్ళు తోటల్లో దాక్కుంటున్నారని తోటకో డేరా వేసుకుని రిజర్వు పోలీసులు దిగారు. వాళ్ళకి తెలుగు రాదు. నాకు మీసం సరిగ్గా రాని వయసు. ముసునూరు వైపు తోటల్లో కాయ కోసేవాణ్ణి. కాయ కోతంటే చూడనివాళ్ళకి చెప్తున్నాను: పొడుగాటి వెదురు గెడ చివర వలతో అల్లిన చిక్కం ఉంటుంది, కాయని అందులో పట్టి లాగుతాం. తొడిమ తెగిన చోట సొన చిమ్ముతుంది. చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది. చర్మం మీద పడితే ఆ పూట మంట, మర్నాటికి నల్లగా మాడిన మచ్చ, ఆ తర్వాత తోలు ఊడుతుంది. కోత రోజుల్లో మా అందరి చేతులూ అలాగే ఉంటాయి. చిన్న రసాలు కోసేవాడి చేతులు నున్నగా ఉంటే వాడు పని ఎగ్గొట్టాడని మేస్త్రి తిట్టేవాడు.

ఆ కోతల్లోనే కాలవ వంతెన దగ్గర నాటుబాంబు పేలింది. ఎవరు పెట్టారో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. చేతులు కాలినవాణ్ణి పట్టుకురమ్మని పైనుంచి హుకుం వచ్చింది. లారీ చప్పుడికి కూలీలంతా పరిగెత్తారు. మధ్యాహ్నం అన్నం తిని గడ్డి పాకలో పడుకున్న నేను లేచేసరికి గుండెల మీద బూటు ఉంది. మచ్చలున్నవాళ్ళందర్నీ పట్టుకోవాలంటే నూజివీడు నుంచి మైలవరం దాకా జనమంతా లోపలే ఉండాలి. కానీ అందర్నీ పట్టుకోవడం వాళ్ళకి అక్కర్లేదు, ఒకడు దొరికితే చాలు.

సబ్ జైలు పెద్దదేమీ కాదు. వరసగా గదులు, ముందు పెంకుల వసారా, నడుమ వాకిలి, ఒక కుళాయి, ఇనప గేటు. గేటు దగ్గర తుపాకితో రిజర్వు సెంట్రీ. లోపల మా ఆలనా పాలనా సుబ్బారాయుడిది. అతనూ కుర్రవాడే, కొత్తగా పెళ్ళయినవాడు. నా గదిలో నాకంటే ముందున్నవాడు గురవయ్య. మేకలు ఎత్తుకుపోయిన కేసుల్లో వచ్చి పోతుండేవాడు. జైలు అతనికి అత్తారిల్లు. నేను వెళ్ళిన పూటే నన్ను ఎగాదిగా చూసి, "ఏ మేకరా?" అన్నాడు. "మేక కాదు మావా, బాంబంట" అన్నాను. "అబ్బో! పెద్దింటి సంబంధమే" అన్నాడు. ఆ నవ్వే నన్ను మొదటివారం బతికించింది.

జైల్లో ఎలా ఉండాలో నాకు నేర్పింది గురవయ్యే. వార్డరు వస్తే కళ్ళలోకి చూడకు, బెల్టు చూడు. బెల్టు వదులుగా ఉంటే తిని వచ్చాడని, తిట్టి వదిలేస్తాడు. బిగించి ఉంటే పైవాడెవడో వస్తున్నాడని. గంజి వేడిగా ఉన్నా ఆగకు, ఆగితే పళ్ళెం లాక్కుంటారు. పొద్దున లెక్కకి గొంతుక్కూర్చున్నప్పుడు దగ్గొస్తే మింగెయ్, దగ్గినవాణ్ణి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టమంటారు, అందరి కాళ్ళూ పడిపోతాయి. తాళాల చప్పుడు వినగానే లేవకు, లేచినవాణ్ణే ఏదో పనికి పిలుస్తారు. ఇవన్నీ పాటించాను. పాటించిన కొద్దీ భయం తగ్గలేదు, పెరిగింది. నియమం నేర్చుకున్నకొద్దీ దాన్ని తప్పడానికి ఎన్ని దారులున్నాయో కూడా తెలుస్తుంది కదా.

అన్నిటికంటే పెద్ద భయం లారీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏదో ఒక రోజు లారీ వచ్చేది. ఒకణ్ణి ఎక్కించుకుని తోటలో డేరాల దగ్గరికి తీసుకుపోయేవారు. సాయంత్రానికి కొందరు తిరిగొచ్చేవారు, నడిచి కాదు. పక్క గదిలో ఒకతను తిరిగి రానేలేదు. పారిపోతుంటే కాల్చామన్నారు. అతని కాలికి వాపు, కుళాయి దాకా గోడ పట్టుకుని నడిచేవాడు. ఎవరు పారిపోతారు ఆ కాళ్ళతో? ఈ మాట అడిగినవాడు లేడు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

ఎవర్ని తీసుకెళ్తారో ముందు చెప్పేవాళ్ళు కాదు. కానీ గురవయ్య ఒకటి కనిపెట్టాడు. సుబ్బారాయుడు ఇంటినుంచి చిన్న గిన్నెలో మాగాయ తెచ్చుకునేవాడు. అన్నాలప్పుడు ఒక్కోసారి ఎవరో ఒకరి పళ్ళెంలో, మాట్లాడకుండా, ఒక ముక్క వేసి పోయేవాడు.

"చూసుకోరా కోటయ్యా, ముక్క పడినోడు లారీ ఎక్కుతాడు" అన్నాడు గురవయ్య.

"ఊరికే అనకు మావా."

"ఊరికేనా? రేపు నువ్వే చూడు. పెళ్ళికొడుక్కి బుగ్గన చుక్క పెట్టినట్టు పెడతాడీయన."

చూశాను. అతను చెప్పినట్టే అయింది. మళ్ళీ అలాగే అయింది. ఆ తర్వాత అన్నం గంట కొడితే మాకు ఆకలి చచ్చిపోయేది. మా అమ్మ చేతి మాగాయ వాసనకి ముద్ద మీద ముద్ద తిన్నవాణ్ణి, ఆ గిన్నె మూత తీసిన వాసన వసారాలోకి రాగానే ముక్కు మూసుకునేవాణ్ణి. అందరం పళ్ళెం మీదికి వంగి, అది మనకి పడకూడదని దేవుళ్ళకి మొక్కుకునేవాళ్ళం. అంటే పక్కవాడికి పడాలనే కదా మొక్కు. మనిషిని అలా చేస్తుంది ఆ చోటు. ముక్క పడినవాడు చెయ్యి వెనక్కి తీసుకునేవాడు, అన్నం అలాగే వదిలేసేవాడు. సుబ్బారాయుడు పళ్ళెం తీసుకుపోయేవాడు. బలికి ముందు మేకకి బొట్టు పెట్టే సరదా అనుకుని అతన్ని లోలోపల బూతులు తిట్టుకునేవాణ్ణి. కేకలేసేవాడు కాదు, కొట్టేవాడు కాదు. అందుకే అతనంటే ఎక్కువ భయం. అరిచేవాడి మనసులో ఏముందో అరుపులో తెలిసిపోతుంది. అతని మనసులో ఏముందో ఎవరికీ తెలియదు. పెంకులు పగిలే ఎండలో మిగతా సిబ్బందంతా చొక్కా చేతులు మోచేతి పైకి మడుచుకుంటే, ఇతను మాత్రం మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ తిరిగేవాడు. "అత్తారు కుట్టించిన చొక్కా కాబోలు, మడిస్తే అరిగిపోద్దని" అనేవాడు గురవయ్య.

ఒక రోజు ముక్క నా పళ్ళెంలో పడింది.

గురవయ్య ఏ హాస్యమూ ఆడలేదు. నా వీపు మీద చెయ్యి వేసి, "తినరా, తిను" అన్నాడు. నేను పళ్ళెం పక్కకి నెట్టేశాను. లారీ వచ్చింది. తీసుకెళ్ళింది నేను కాయ కోసిన తోటకే. నేను నిచ్చెన వేసిన చెట్టు కిందే డేరా. గంపలకని తెచ్చిన వరిగడ్డి మీద నన్ను కూర్చోబెట్టి అరచేతులు చాపమన్నారు. "ఎవడు నేర్పాడు నీకు?" అని అడిగించారు. "చెట్టండి" అన్నాను. పొగరుతో అనలేదు, భయంతో నాకు తోచిన నిజం అదే. దాంతో ఇంకా కొట్టారు. కోయకుండా వదిలేసిన కాయలు పండి పైనుంచి రాలుతుంటే, అవి ఏరుకుని తింటూ కొట్టారు.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర బొబ్బలు చితికిన చేతులు నీళ్ళ కింద పెట్టుకుని ఏడుస్తున్నాను. సుబ్బారాయుడు నా వెనక నిలబడి, గేటు వైపు చూస్తూ, పెదవులు కదిపీ కదపనట్టు అన్నాడు: "సొన పుండు మీద దెబ్బ తగిలితే చీము పడుతుంది. ఇది రాసుకో." మడిచిన ఆకులో కొబ్బరినూనె. నూనె సంగతి నేను పట్టించుకోలేదు. సొన అన్నాడు! పోలీసుల్లో, కోర్టులో, ఎవరి నోటా రాని మాట అతని నోట వచ్చింది. ఇతనికి తెలుసు! నూనె ఆకు పట్టుకునే అతని వైపు తిరిగాను.

"అయ్యా, ఆ మాట వాళ్ళకి చెప్పండయ్యా. ఒక్కసారి చెప్పండి."

"నేనేమీ అనలేదు. నీళ్ళు పట్టుకుని ఫో."

"మీరే కదయ్యా ఇప్పుడు..."

"ఫో అన్నానా!" అతను గొంతు పెంచగా వినడం అదే మొదలు.

ఆ వారమే మా అమ్మ వచ్చింది. మా అమ్మ కూడా తోటల్లో కూలికి పోయేది, కోసిన కాయని తొడిమ తీసి బోర్లించి సొన వార్చడం ఆడవాళ్ళ పని. అన్నం మూట తెచ్చిందిట, లోపలికి రానివ్వలేదు. మేం లెక్కకి వాకిట్లో కూర్చుని ఉన్నాం. గేటు ఊచల మధ్య నుంచి ఆమె చేతులు రెండూ లోపలికి వచ్చాయి, మోచేతుల దాకా, నల్లటి మచ్చలతో. "ఇవి చూడండి బాబూ! వాడి చేతులకున్నవే నావికీ ఉన్నాయి. నేనెక్కడ చుట్టానయ్యా బాంబులు? అలాగైతే నన్నూ పెట్టుకోండి లోపల!" సెంట్రీకి ఆమె మాట తెలియదు. తుపాకి మడమతో ఆ చేతుల మీద ఒక్కటి వేశాడు. ఆ చప్పుడు చిన్నది, ఎండుపుల్ల విరిగినట్టు. చేతులు బయటికి వెళ్ళిపోయాయి. నేను లేవబోతే గురవయ్య నా పంచె కొంగు పట్టి కిందికి గుంజాడు. లేచి ఉంటే నన్నక్కడే కాల్చేవాళ్ళు. సుబ్బారాయుడు గేటు పక్కన గోడకి ఆనుకుని నిలబడి అంతా చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. విరిగిన ఆ మణికట్టు మా అమ్మకి మళ్ళీ సరిగ్గా అతుక్కోలేదని తర్వాత తెలిసింది.

తర్వాత తనిఖీకి పై ఆఫీసరు వచ్చాడు. బెల్టులన్నీ బిగుసుకున్నాయి. వాకిలి ఊడ్పించారు, గోడకి సున్నం కొట్టించారు, మాకు ఉతికిన బట్టలిచ్చారు. నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. ఆయన పట్నం మనిషి, తెలుగే మాట్లాడాడు, మామిడి కాయని పళ్ళెంలో తప్ప చెట్టు మీద చూసినట్టు లేడు. అయినా నా చేతులు తిప్పి చూసి, చెప్పేది విన్నాడు. అదొక్కటే ఆయనలో మంచి. నేను చెప్పగలిగినంతా చెప్పాను. ఆయన తలుపు దగ్గర నిలబడ్డ సుబ్బారాయుడి వైపు తిరిగాడు.

"నువ్వీ పక్క వాడివే కదూ? ఇవి మామిడి సొన మచ్చలంటున్నాడు. సొనకి ఇలా కాలుతుందా?"

గదిలో పంకా లాగేవాడు కూడా తాడు ఆపేశాడు. నేను వార్డరు బెల్టు చూడలేదు, మొదటిసారి కళ్ళలోకి చూశాను. ఆ కళ్ళు నా వైపు రాలేదు. అతని నుదుటి మీంచి చెమట కారి గడ్డం దగ్గర వేలాడింది. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు.

"నాకు తెలియదండి" అన్నాడు.

నన్ను పెద్ద జైలుకి పంపే కాగితం మీద ఆఫీసరు సంతకం పెట్టాడు. మర్నాడే నన్ను రైలెక్కించారు. ఆ పూట నా పళ్ళెంలో ముక్క కూడా పడలేదు.

పెద్ద జైలు సంగతులు ఇక్కడ రాయను. విడుదలై వచ్చి పెద్ద బజారులో మామిడి కమీషను కొట్లో కాయ ఏరే పనిలో కుదిరాను. చాలా ఏళ్ళకి బాపులపాడు సంతలో సుబ్బారాయుడు కనపడితే ఎదురెళ్ళి అడిగాను, "ఎందుకన్నారు ఆ మాట?" అని. అతను జనంలో కలిసిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ కనపడింది మొన్న టీ కొట్టు బల్ల మీదే.

ఎదురుగా జైలు గోడ పడుతోంది. రోడ్డు మీద ప్లాస్టిక్ పెట్టెలతో లారీలు పోతున్నాయి. ఇప్పుడు కాయని తొడిమ వదిలి కత్తెరతో కోస్తున్నారు, సొన కారదు, కుర్రాళ్ళ చేతులు కాలేజీకి వెళ్ళేవాళ్ళ చేతుల్లా ఉన్నాయి. మంచిదే. కానీ మా వీధి కుర్రాణ్ణి ఒకణ్ణి మొన్న ఏదో అనుమానం మీద స్టేషనుకి తీసుకెళ్తే, పక్కింటివాళ్ళు నలుగురూ తలుపులు వేసుకున్నారు. అడిగితే "మాకేం తెలుసండీ" అన్నారు. సొన పోయింది గాని ఆ మాట పోలేదు. ఆ కోపంతోనే వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను.

"నన్ను గుర్తుపట్టారా?" అన్నాను. నువ్వు అందామని వెళ్ళాను. పాడు నోరు, పాత అలవాటుకి మీరు అనే వచ్చింది.

అతను నా మొహం చూడలేదు, చేతులు చూశాడు. "కోటయ్యగారు" అన్నాడు. ఆ గారు నాకు చెంపదెబ్బలా తగిలింది. ఇద్దరికీ టీ చెప్పాడు.

"ఆ ముక్క ఎందుకేసేవారు?" ముందు అదే అడిగాను.

"లారీ వస్తోందని నోటితో చెప్తే ఉద్యోగం పోతుంది. ముక్క చూసి తెలుసుకుంటారని, ఆ పూటైనా కడుపునిండా తిని వెళ్తారని అనుకున్నానండి."

"ఆ ముక్క చూసే తినడం మానేశాం మేం. ఖాళీ కడుపులతో వెళ్ళి తన్నులు తిన్నాం."

"చూశానండి. పళ్ళేలన్నీ అలాగే తిరిగొచ్చేవి." టీ గ్లాసు అందుకున్నాడు. "అయినా వెయ్యకుండా ఉండలేకపోయాను."

"ఆ పుణ్యం మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాను. గొంతు లేచింది, టీ కొట్టువాడు తిరిగి చూశాడు. "ఆ రోజు ఆఫీసరు అడిగాడు. సొన అని మీకు తెలుసు. నూనె ఇచ్చిన మనిషికి తెలియకపోవడమేంటి? మా అమ్మ నన్ను చూడకుండా పోయింది. తెలియదని ఎందుకన్నారు?"

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. కుడి మణికట్టు గుండీ తీశాడు. చొక్కా చెయ్యి నెమ్మదిగా మోచేతి పైకి మడిచాడు. ముడతలు పడ్డ ఆ చర్మం మీద, మణికట్టు నుంచి మోచెయ్యి దాకా, నల్లటి చారలు. గెడ ఎత్తి పట్టుకున్నప్పుడు సొన కిందికి కారే దారి అది. లోతుగా కాలితే జన్మలో పోదు. నాకు తెలియనిదా!

ఆ చెయ్యి నా ముందు అలాగే చాపి, పడిపోతున్న గేటు వైపు చూస్తూ అతనన్నాడు:

"ఆ ఏడు సెలవు పెట్టి మా మావగారి తోటలో కాయ కోసి, అప్పుడే డ్యూటీకొచ్చానండి. తెలుసంటే, నీకెలా తెలుసంటాడు. అప్పుడీ చేతులు చూపించాలి. మీ అమ్మగారు చూపిస్తే ఏమైందో, గేటు దగ్గర నిలబడి నేను చూశాను కదండీ."